లక్క చుక్క

పొద్దున పళ్లు తోముకుంటుంటేనే మియెన్‌కి తెలిసిపోయింది, మళ్లీ వచ్చాయని. కుడిచేతి చూపుడువేలి పక్కన, చర్మం అడుగున, ఉడికిన సగ్గుబియ్యం గింజల్లాంటివి నాలుగు. చూసేవాళ్లకి ఏమీ లేనట్టే ఉంటుంది. వేలు వంచితే మాత్రం లోపల సూది పెట్టి తిప్పినట్టుంటుంది. రేపటికి అవి పదవుతాయి. ఎల్లుండికి అరచేతిలోకి దిగుతాయి. ఆపైన ఒకదానితో ఒకటి కలిసి బొబ్బలై, తోలు ఊడి, పగుళ్లిచ్చి, మూడు వారాలకి మానుతాయి. అమ్మయ్య అనుకునేలోపు మళ్లీ నాలుగు గింజలు. పదిహేడేళ్లుగా ఇదే వరస.

ఆమె చెయ్యి తుడుచుకుని జేబులో పెట్టుకుంది. దాచేంత రహస్యమేం కాదు, ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. కానీ ఈ నెలలో కనపడకూడదు. సరిగ్గా పద్నాలుగు రోజుల్లో ఊరికి లక్కపని నేర్పిన మూలగురువు తిథి. ఆ రోజు లక్కగది తాళంచెవి చేతులు మారుస్తానని అత్తగారు థుక్ కొత్త సంవత్సరం నాడే చెప్పింది. ఆవిడ కుడి భుజం పట్టేసింది. లక్కపాలు తిప్పే తెడ్డు గంటసేపు కూడా పట్టుకోలేకపోతోంది. ఇద్దరు కోడళ్లలో ఎవరికిస్తానన్నది చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా, అదే మియెన్ కడుపుమంట.

మా ఊళ్లో వాడే లక్క పురుగు పెట్టేది కాదు. కొండల్లో చెట్లకి గాటు పెడితే కారే పాలు. ఆ పాలు పచ్చిగా ఉన్నప్పుడు కొందరి ఒంటికి తగిలితే చాలు, కళ్లు వాచిపోయి, ఒళ్లంతా పొక్కిపోతుంది. కొందరు మోచేతుల దాకా ముంచినా ఏమీ కాదు. లక్క మనిషిని చూసి తింటుంది, దయ్యం మనిషిని చూసి పడుతుంది అంటారు మావాళ్లు. అందుకే కొత్తకోడలు వచ్చిన మూడోరోజున, మణికట్టు లోపలివైపు వెదురుపుల్లతో పచ్చి లక్క ఒక్క చుక్క పెట్టి, మూడు రోజులు చూస్తారు. చర్మం పొక్కకపోతే ఆ పిల్ల లక్కగదిలో అడుగుపెట్టొచ్చు. మూడేళ్ల కిందట చిన్నకోడలు క్వేకి పెట్టారు. పెట్టినచోట చీమ కుట్టిన గుర్తు కూడా లేదు.

మియెన్‌కి అసలు చుక్కే పెట్టలేదు. కాపరానికొచ్చిన రెండోరోజు లక్కగది ఊడ్చి వచ్చింది. ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తుంటే అత్తగారు ఆమె వేళ్లు పట్టుకుని చూసింది. "చుక్క ఎందుకింక? లక్క చెప్పేసింది. నువ్వు తొట్టి దగ్గరికి పో," అంది. అంతే.

తొట్టి అంటే రుద్దుడు పాకలో సిమెంటు తొట్టి. దాని మీద అడ్డంగా బల్ల, బల్ల మీద పళ్లెం. లక్క పూత ఆరగానే బొగ్గుముక్క నీళ్లలో ముంచి, చెయ్యి బరువు మారకుండా రుద్దాలి. రుద్దాక ఇంకో పూత, ఆరాక ఇంకో రుద్దుడు. అలా పదిసార్లు. నీళ్లు బల్ల మీంచి కారి కింద తొట్టిలో నిలుస్తాయి. కాలవ మెల్లగా లాగుతుంది కాబట్టి పొద్దుట్నించి సాయంత్రం దాకా చీలమండలు మునిగే నల్లనీళ్లలో నిలబడాల్సిందే. పాకలోకి చెప్పులు, బూట్లు రానివ్వరు. చెప్పుకి అంటుకొచ్చిన ఒక్క ఇసకరేణువు చాలు, నెల్లాళ్ల పని మీద గీత పడిపోవడానికి.

ఆ రోజు మధ్యాహ్నం, హనోయ్‌లో ఒక హోటలు కోసం చేస్తున్న అరవై పళ్లేల్లో మొదటిది పూర్తయింది. తొమ్మిది రుద్దుళ్లు మియెన్‌వి. పదోది, చివరిది, ఉత్త అరచేత్తో మెత్తటి బూడిద వేసి రుద్దేది. పొక్కుల చెయ్యి పనికిరాదు కనక అది క్వేకిస్తారు. క్వే అరుగు మీద కూర్చుని, ఏదో కూనిరాగం తీస్తూ అరగంట రుద్దింది. మోచేతుల దాకా నల్లటి లక్క మరకలు, గాజులు తొడుక్కున్నట్టు. అవి ఎంత తోమినా పోవు. లక్కగదిలో పనిచేసేవాళ్లకే ఉంటాయి అవి. ఊళ్లో ఆడవాళ్లు బంగారం చూసినట్టు చూస్తారు వాటిని. మియెన్ కూడా చూస్తుంది, పాకలోంచి, తల ఎత్తనట్టుగా ఎత్తి.

అత్తగారు పళ్లెం ఎండకి ఎత్తి పట్టుకుంది. అందులో ఆవిడ మొహం, చూరు, చూరు కింద వేలాడే వెల్లుల్లి కట్ట అన్నీ కనపడ్డాయి. తాంబూలం నమలడం ఆపి, క్వే అరచెయ్యి పట్టుకుని తిప్పి చూసింది.

"ఇది చెయ్యి కాదే, పట్టుగుడ్డ," అంది.

క్వే నవ్వేసి, అంతా అక్క రుద్దినదేగా అత్తయ్యా, నేను పైపైన తుడిచానంతే అంది. ఆ మాట మియెన్‌కి ఇంకా మండించింది. పొగిడించుకుంటే పొగిడించుకుంది, మంచిది కూడా అనిపించుకోవాలా? తొమ్మిది రుద్దుళ్ల చెయ్యి నీళ్లలో, ఒక్క రుద్దుడు చెయ్యి ఎండలో. చేతిలో బొగ్గుముక్క పుటుక్కున విరిగింది. వేలి పక్క గింజ ఒకటి చిట్లి, నల్లనీరు తగిలి భగ్గుమంది.

*

మర్నాడు బాతుగుడ్ల పెంకులు కొనాలని చెప్పి మియెన్ స్కూటరు తీసింది. పళ్లేల మీద తెల్ల పూలు అతికేది ఆ పెంకులతోనే కాబట్టి ఎవరూ అడగలేదు. బజారు దాటి, జిల్లా ఆసుపత్రి దాకా పోయింది. ఇన్నేళ్లలో ఆమె చేయని వైద్యం లేదు. నక్షత్రపండు చెట్టు ఆకులు ఉడకేసిన నీళ్లలో చేతులు ముంచింది. నీళ్లు పారబోయడం దేనికని కాళ్లు కూడా అందులోనే పెట్టుకునేది. పొలంపీతలు పచ్చిగా దంచి పట్టు వేసింది. ఉప్పు రుద్దింది. ఒక్క డాక్టరు దగ్గరికే పోలేదు. లక్క తింటే డాక్టరేం చేస్తాడని. ఇప్పుడు కూడా రోగం పోతుందని రాలేదు. ఈ పదమూడు రోజులు పొక్కులు కనపడకుండా ఉండే మందేదైనా ఇస్తే చాలు, ఆ చేతులు చూపించి తాళంచెవి అడగాలి.

చర్మం డాక్టరు ముప్పై ఏళ్ల పిల్ల. చెయ్యి తిప్పి చూసి, మొహం ఎప్పుడైనా వాచిందా అని అడిగింది. లేదంది మియెన్. కనురెప్పలు? లేదు. మణికట్టు పైన, మెడ మీద? లేదు, ఎప్పుడూ వేళ్ల పక్కల, అరచేతుల్లోనే. రెండు చేతులకీ వస్తాయా? వస్తాయి, ముందు కుడికి, తర్వాత ఎడమకి. డాక్టరు కాసేపు ఆలోచించి, "చెప్పులు విప్పక్కా," అంది.

మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టినట్టుంది అనుకుంది మియెన్. విప్పడానికి సిగ్గేసింది కూడా. కాలివేళ్ల సందుల్లో చర్మం నానిన అటుకుల్లా తెల్లగా ఉంది. చిటికెనవేలి కింద చీలిక, దాన్నించి వాసన.

"కాళ్లని నీళ్లు తిన్నాయి లెండి," అంది కాళ్లు బల్ల కిందికి లాక్కుంటూ. "మా ఊళ్లో అందరికీ ఉండేదే."

డాక్టరు ఆ మాట విననట్టే వంగి, చిన్న కత్తి అంచుతో వేళ్ల సందు గీరి, ఆ పొట్టు గాజుముక్క మీద వేసుకుని లోపలికి పోయింది. పావుగంటకి తలుపు తీసి రమ్మంది. అక్కడ యంత్రంలో కన్ను పెట్టి చూడమంది. మియెన్ చూసింది. దారప్పోగుల్లాంటివి, కొమ్మలు కొమ్మలుగా.

"బూజు," అంది డాక్టరు. "నీ కాళ్లలో కాపరం పెట్టింది. ఒళ్లు దానిమీద తిరగబడుతోంది. ఆ తిరుగుబాటు చేతుల్లో తేలుతోంది. చేతుల్లో బూజేం లేదు. దొంగ పెరట్లో ఉంటే వీధివాకిట్లో కుక్క మొరుగుతోందన్నమాట. నువ్వేమో ఇన్నాళ్లూ కుక్కని కొడుతున్నావు."

 మొట్టమొదట ఎప్పుడొచ్చాయి అని అడిగింది డాక్టరు. పెళ్లయిన రెండోరోజు అనబోయి ఆగింది. పదిహేడేళ్లుగా అందరికీ చెప్పింది అదే. ఇక్కడ ఎవరున్నారు వినడానికి?

"పదిహేనేళ్లప్పుడు," అంది మెల్లగా. "నాట్లు వేసేటప్పుడు. ప్రతి నాట్లకీ వచ్చేవి. అమ్మ ఎవరితోనూ అనొద్దంది. చర్మరోగం ఉన్నదాన్ని ఎవరు చేసుకుంటారని."

ఆ సాయంత్రం అత్తగారు వేళ్లు పట్టుకుని చూసినప్పుడు తన గుండె ఎలా ఆగిపోయిందో గుర్తొచ్చింది. లక్క చెప్పేసింది అనగానే, నిజం చెప్పాలంటే, బతికిపోయాననుకుంది. రోగిష్టి కోడలు అనిపించుకోవడం కంటే లక్క తిన్న కోడలు అనిపించుకోవడం నయం కదా. ఆ నయమే పదిహేడేళ్లు తొట్టిలో నిలబెట్టింది. నిలబడ్డకొద్దీ కాళ్లు నానాయి, కాళ్లు నానినకొద్దీ చేతులు పొక్కాయి, చేతులు పొక్కినకొద్దీ చూశారా లక్క తింటోంది అన్నారు.

"అయితే నన్ను లక్క తినదాండీ?"

ఇప్పుడే చెప్పలేనంది డాక్టరు. దానికి వేరే పరీక్ష ఉంది, పెద్దాసుపత్రిలో చేస్తారు. కానీ పదిహేడేళ్లు లక్క ఇంట్లో ఉండి ఒక్కసారి కూడా రెప్ప వాయలేదంటే మాత్రం తనకి అనుమానమే. కాళ్లకి ఒక ట్యూబు రాసింది, పొద్దునా సాయంత్రం నాలుగు వారాలు, తగ్గినట్టున్నా ఆపకూడదు. చేతులకి ఇంకొకటి, వారం రోజులు మాత్రమే, పల్చగా. మంట పుడితే చల్లటి తడిగుడ్డ వేసుకోవాలి, పొక్కులు చిదమకూడదు. వేళ్ల సందులు పొడిగా తుడుచుకోవాలి. నీళ్లలో నిలబడే పని నెల్లాళ్లు వద్దు. ఆ ఇంట్లో ఇంకెవరైనా ఆ నీళ్లలో దిగితే వాళ్లకీ అంటుకోవచ్చు, జాగ్రత్త చెప్పమంది.

స్కూటరు మీద వస్తూ మియెన్ నవ్వుకుంది, తర్వాత ఏడ్చింది, ఊరి మొదట్లో మొహం తుడుచుకుంది. పెంకులు కొనడం మర్చిపోయి వెనక్కి పోయి కొనుక్కొచ్చింది.

*

చెప్పాలనే అనుకుంది. గడప దాటేదాకా అనుకుంది. లోపల లక్కగది తలుపు తెరిచుంది. క్వే ఇనపమూకుడు ముందు కూర్చుని తెడ్డు తిప్పుతోంది. పక్కన అత్తగారు. లక్కపాలు మూకుట్లో గోధుమరంగు నుంచి నలుపులోకి తిరిగే ఘడియ అది. ఎప్పుడు ఆపాలో చెప్పేది ఎప్పుడూ అత్తగారే. ఇవాళ ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని, "నువ్వే చెప్పు, అయిందా?" అని క్వేని అడుగుతోంది. క్వే తెడ్డు ఎత్తి, జారే ధార చూసి, ఇంకో వంద తిప్పులు అంది. అత్తగారు తల ఊపింది.

మియెన్ పెంకుల బుట్ట దించింది. ఆసుపత్రికి పోయానని, నెల్లాళ్లు నీళ్లపని వద్దన్నారని చెప్పింది. డాక్టరు రాసిన కాగితంలో ఆ ఒక్క వాక్యం చూపించి, మిగతాది మడిచేసింది.

"నీళ్లు వద్దంటే అరవై పళ్లేలు ఎవరు రుద్దుతారే?" అంది అత్తగారు.

"నేను దిగుతాలే," అంది క్వే. "పొద్దున లక్క తిప్పుతా, మధ్యాహ్నం తొట్టి. అక్క పెంకులు అతికిస్తుంది. ఏముంది అందులో?"

అప్పుడైనా చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ క్వే చెప్పులు విడిచేసి, ప్యాంటు పైకి మడిచి, నవ్వుకుంటూ పాకలోకి పోతుంటే, ఆ తెల్లటి కాళ్లు చూసి మియెన్ నోరు మూసుకుంది. నేను పదిహేడేళ్లు నిలబడలేదా, ఇది నాలుగు రోజులు నిలబడితే అరిగిపోతుందా అనుకుంది. పైగా అదే కావాలని దిగింది, నేను తోయలేదుగా. మనిషికి ఓర్వలేనితనం వచ్చినప్పుడు లాపాయింట్లకి కరువుండదు.

కాళ్ల ట్యూబు పెంకుల బుట్ట అడుగున దాచింది. పొద్దునా సాయంత్రం వెనక దొడ్లో కూర్చుని, కాళ్లు పొడిగుడ్డతో తుడుచుకుని, ఒక్కొక్క సందులో రాసుకుంది. ట్యూబుని అడుగు నుంచి చుట్టుకుంటూ రావడం ఆమెకి అలవాటు, ఒక్క బొట్టు వృథా పోనివ్వదు. మందు తుడుచుకుపోకుండా నూలు మేజోళ్లు వేసుకుంది. ఇంత ఉక్కలో మేజోళ్లేమిటే, హనోయ్ దొరసానివైపోయావా అని అత్తగారు ఎత్తిపొడిచింది. చలేస్తోందంది మియెన్.

వారం తిరిగేసరికి చేతుల మీద పొట్టు రాలింది. పదోనాటికి అడుగున లేతచర్మం గులాబిరంగులో వచ్చింది. పొద్దున లేవగానే వేళ్లు ఒక్కొక్కటి వంచి చూసుకునేది. సూది లేదు. గింజ లేదు. పెంకులు పట్టకారుతో తీసి లక్క మీద అతికించి, సుత్తితో చిన్నగా తట్టి చిట్లిస్తుంటే, వేళ్లు తనవి కావేమో అనిపించేది. ఇరవై ఏళ్ల పిల్ల వేళ్లలా చెప్పిన మాట వింటున్నాయి.

ఆ సంతోషం ఒక్కటే ఉంటే బాగుండేది. చూపు మాత్రం పాకలోకే పోయేది, క్వే కాళ్ల మీదికి. అయిదోనాటికి క్వే ఒక కాలితో రెండో కాలి వేళ్లు రుద్దుకోవడం మొదలుపెట్టింది. పదోనాడు అరుగు మీద కూర్చుని వేళ్ల సందులు గోకుతూ, "అక్కా, నీ ఆకుల నీళ్లు కాసిని ఉంటే ఇస్తావా? కాళ్లు ఒకటే దురద. నీళ్లు తింటున్నట్టున్నాయి," అంది.

మియెన్ పొయ్యి మీద ఆకులు వేసి ఉడకబెట్టింది. చల్లార్చి, పెద్ద బకెట్టు నిండా పోసి తెచ్చి ముందు పెట్టింది. తడి అంత చెడ్డది ఆ కాళ్లకి ఇంకోటి లేదని తెలుసు. తెలిసే పెట్టింది. క్వే పాదాలు రెండూ అందులో ముంచి, హాయిగా కళ్లు మూసుకుని, నువ్వుండబట్టి సరిపోయిందక్కా అంది. మియెన్ పెంకుల దగ్గరికి వచ్చి కూర్చుంది. ఆ రోజు అతికించిన పూరేకులు మూడు వంకరపోయాయి.

*

గురువు తిథినాడు బియ్యప్పిండి వంటలు, ఉడికించిన కోడి, ఎర్ర జిగురన్నం, అగరుబత్తుల పొగ. ఊరంతా గురువు మంటపం దగ్గరికి పోయి వచ్చాక, ఇంట్లో పెద్దల పీఠం ముందు అత్తగారు చాప వేసింది. మామగారి ఫోటో పక్కన, ఎర్రగుడ్డ మీద తాళంచెవి. కొడుకులిద్దరూ ఉన్నారు కానీ ఇది ఆడవాళ్ల వ్యవహారం, వాళ్లు గోడకి ఆనుకుని టీ తాగుతున్నారు.

క్వే జిగురన్నం పళ్లెం తెచ్చి పీఠం మీద పెట్టింది. పెడుతుండగా మియెన్ చూసింది. కుడిచేతి చూపుడువేలి పక్కన నాలుగు సగ్గుబియ్యం గింజలు. క్వే వెంటనే చొక్కా చెయ్యి వేళ్ల దాకా లాక్కుంది. ఇంకెవరూ చూడలేదు. క్వే మొహంలో నవ్వు లేదు. ఆ మొహం మియెన్‌కి తెలుసు, కాపరానికొచ్చిన రెండోరోజు తన మొహమే అది.

గుండెలో ఒక్కసారి ఏదో ఎగిరింది. అది జాలి కాదు. నీకూ వచ్చాయా అనుకుంది, అంత స్పష్టంగా, అంత సంతోషంగా, ఆమెకే భయం వేసింది.

అత్తగారు తాళంచెవి అందుకుంటుండగా మియెన్ ముందుకి జరిగి కూర్చుంది. ఎడమచెయ్యి చాపి, మణికట్టు వెల్లకిల పెట్టింది.

"నాకు చుక్క పెట్టండత్తయ్యా. మీరు నాకెప్పుడూ పెట్టలేదు."

ఇన్నేళ్లకి చుక్కేమిటే, ఒళ్లు పొక్కించుకుంటావా అంది అత్తగారు. మొగుడు కూడా వద్దన్నాడు. మియెన్ చెయ్యి తీయలేదు. రెండు అరచేతులూ తిప్పి చూపించింది. అత్తగారు పట్టుకుని వెలుతురులోకి లాగి, వేళ్ల సందులన్నీ వెతికింది. తర్వాత లేచి, లక్కగదిలోంచి వెదురుపుల్ల తెచ్చింది. చుక్క చల్లగా దిగింది. గోధుమరంగు, అంచులు అప్పుడే నల్లబడుతూ. తాళంచెవి మళ్లీ ఎర్రగుడ్డ మీదికి పోయింది, మూడు రోజులకి.

ఆ మూడు రోజులూ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు చేతులు దాచుకుని తిరిగారు. మియెన్ చుక్క చూసుకోవాలంటే భయపడి దాచుకుంది. నిజంగా లక్క తినేదే అయితే ఇక అడగడానికి నోరుండదు. చుక్క చుట్టూ రవ్వంత దురద పుట్టినా ఒళ్లు చల్లబడేది. క్వే ఎందుకు దాచుకుందో మియెన్‌కి ఒక్కదానికే తెలుసు. అప్పటికి ఎడమచేతికీ దిగినట్టున్నాయి, అన్నం దగ్గర క్వే ఆ చేత్తో గిన్నె పట్టుకోలేక పీట మీద పెట్టుకుని తింది. తొట్టి దగ్గర పెదవి కొరుక్కుంటూ రుద్దింది. పాట లేదు. మియెన్ ఒకసారి లేచి పాక దాకా వెళ్లింది, గుమ్మంలో నిలబడింది, బొగ్గు సరిపోతోందా అని అడిగి వెనక్కి వచ్చేసింది.

*

మూడోరోజు పొద్దున అత్తగారు అరుగు మీద కూర్చుని, వేరుశెనగ నూనెలో గుడ్డ ముంచి మియెన్ మణికట్టు తుడిచింది. నల్లటి మరక మిగిలింది. చుట్టూ చర్మం మామూలుగా ఉంది. ఎరుపు లేదు, వాపు లేదు. ఆవిడ కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్లీ చూసింది. బొటనవేలితో నొక్కి చూసింది. తాళంచెవి తెచ్చి మియెన్ చేతిలో పెట్టింది.

"పెద్దకోడలివి. నీకే చెందాలి," అంది.

ఇనపముక్క, బరువేం లేదు. మియెన్ గుప్పిట మూసింది.  ఇంతలో అత్తగారు క్వే వైపు తిరిగి, చేతులు వెనక్కెందుకు పెట్టుకున్నావే అంది. క్వే కదల్లేదు. ఆవిడే లేచి వెళ్లి చొక్కా చెయ్యి లాగింది. వేళ్ల పక్కలన్నీ పొక్కులు, అరచేతిలో రెండు పెద్ద బొబ్బలు. క్వే తల వంచుకుని ఏడుస్తోంది. మూడేళ్లు ఏం కాలేదత్తయ్యా, ఇప్పుడెందుకో తెలీదు, నేనేం తప్పు చేయలేదు అంటోంది.

అత్తగారు నిట్టూర్చింది. కోపంగా కూడా అనలేదు.

"నువ్వేం చేస్తావే పిచ్చిదానా. లక్క చెప్పేసింది. నువ్వు తొట్టి దగ్గరికి పో."

పదిహేడేళ్ల కిందటి మాట, అదే గొంతు, అదే విరుపు. మియెన్‌కి గుప్పిట్లో తాళంచెవి ఎముకకి తగిలినట్టయింది. క్వే కళ్లు తుడుచుకుని, నిజంగానే చెప్పులు విడిచి పాక వైపు నడిచింది. ఎంత తేలిగ్గా నడిచింది. తను కూడా ఇలాగే నడిచింది కాబోలు.

"లక్క కాదత్తయ్యా," అంది మియెన్. "క్వే, ఆగు. దిగకు. నీళ్లు. కాళ్లు."

అడ్డదిడ్డంగా చెప్పింది, చివరి నుంచి మొదటికి. బూజు సంగతి, యంత్రంలో కనపడ్డ పోగులు, కుక్క, దొంగ. పదిహేనేళ్లప్పుడు నాట్లలో వచ్చిన సంగతి కూడా చెప్పింది. అత్తగారు నూనెగుడ్డ మడతపెడుతూ వింది.

"పెళ్లికి ముందునుంచే ఉన్నాయా? ఆ మాట అప్పుడే అనుంటే చుక్క పెట్టేదాన్ని కదే."

"అనుంటే ఉంచుకునేవారా?"

ఆవిడ నోట్లో తాంబూలం నమలడం ఆగిపోయింది.  పదిహేడేళ్లు, అంది తనలో తను. ఆ తర్వాత లేచి పాక దగ్గరికి వెళ్లి, తొట్టిలో నిలిచిన నీళ్లని కొత్తగా చూస్తున్నట్టు చూసింది. సాయంత్రానికి వడ్రంగిని పిలిచి, కాళ్లకి నీళ్లు తగలకుండా నిలబడేందుకు చెక్కమెట్టు వేయిస్తానంది. అందాకా తొట్టిలో ఎవరూ దిగొద్దంది. చెయ్యి మానాక క్వే కూడా లక్కగదిలోనే తిప్పాలి, కానీ చెవి పెద్దదాని దగ్గరే ఉంటుంది అంది.

మియెన్ తాళంచెవి జేబులో వేసుకుంది. లోపలికి వెళ్లి, పెంకుల బుట్ట అడుగునుంచి ట్యూబు తీసి, పొడిగుడ్డ పట్టుకొచ్చింది. క్వేని గడప మీద కూర్చోబెట్టి, కింద కూర్చుని, ఆమె పాదం ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. పెద్ద తోడికోడలు చిన్న తోడికోడలి కాళ్లు పట్టుకోవడం మా వీధిలో ఎవరూ చూసి ఉండరు. వద్దక్కా అని క్వే లాక్కోబోయింది. మియెన్ వదల్లేదు. సందులు నాని తెల్లబడి, చిటికెనవేలి కింద అప్పుడే చీలుతోంది. అయినా చిన్న పాదాలు, నున్నటి పాదాలు. ఈ కాళ్లు కూడా నా కాళ్లకంటే బాగున్నాయి అనుకుంది మియెన్, ఆ సమయంలో కూడా. పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది?

పొడిగుడ్డతో తుడిచి, మందు ఒక్కొక్క సందులో పెట్టి, వేలితో మెత్తగా పట్టించింది. పొద్దునా సాయంత్రం నాలుగు వారాలు, తగ్గినా ఆపకూడదు, సందులు పొడిగా ఉండాలి, ఆకుల నీళ్లు వద్దు, చేతుల పొక్కులు చిదమొద్దు అని డాక్టరు మాటలే అప్పజెప్పింది. క్వే ఏడుపు తగ్గింది. ముక్కు తుడుచుకుని, వంగి, మియెన్ చేతిలో ట్యూబు వైపు చూసింది. అడుగు నుంచి నీటుగా చుట్టుకుంటూ వచ్చి, సగం దాకా చుట్టేసి ఉంది.

"అక్కా, ఇది సగం అయిపోయింది."

"అవును."

"నేను ఆకుల నీళ్లు అడిగినప్పుడు..."

"అప్పటికే తెలుసు."

ఒళ్లో పాదం బిగుసుకుంది. లాక్కుని లేచిపోతుందనుకుంది మియెన్, లేచిపోతే బాగుండుననుకుంది. క్వే లేవలేదు.  పాకలో బల్ల అంచునుంచి నీళ్లు ఒక్కొక్క చుక్క కింద పడుతున్నాయి.

మియెన్ తల ఎత్తకుండా ఆ పాదాన్ని గుడ్డ మీద దించింది.

"రెండో కాలు ఇటు పెట్టు," అంది.

క్వే చాలాసేపు పెట్టలేదు. తర్వాత పెట్టింది, మొహం పక్కకి తిప్పుకుని.